పుర్రచేతి వాటానికి ఏ తుపాకీ?

ఎడమచేతి వాటం ఉన్నవాడు బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొనబోతే ముందు చవక వెంట పడతాడు. అది బెడిసికొడితే ఆ ఉక్రోషం కొద్దీ ఖరీదు వెంట పడతాడు. నేను రెండింటి వెంటా పడి, రెండుచోట్లా డబ్బు పోగొట్టుకుని చివరికి మధ్యలో ఆగాను. టెక్సస్‌లో స్థిరపడి జింకల వేట నేర్చుకోవాలనుకుంటున్న మనవాళ్లు ఈమధ్య ఫోన్ చేసి అడుగుతున్నారు. వాళ్లలో పుర్రచేతివాళ్లూ ఉన్నారు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట తాతల కబుర్లలోనే మిగిలింది కాబట్టి, ఇంట్లో అడిగి తెలుసుకుందామంటే చెప్పేవాళ్లు లేరు. అందుకే నా వంతు చెబుతున్నాను.

ముందుగా చట్టం సంగతి. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడానికీ, దగ్గర ఉంచుకోవడానికీ అమెరికా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నా, లాయరును అడగకుండా వాటి జోలికి పోవద్దు. గ్రీన్ కార్డు చేతికొచ్చేదాకా నేను ఆ ఊసే ఎత్తలేదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు టెక్సస్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలన్నది నిబంధన. నిబంధన లేకపోయినా చెయ్యండి. నాకు తుపాకీ పట్టడం వచ్చింది ఆ కోర్సులోనే.

అంతకుముందు నాకున్న అనుభవమల్లా ఒంగోలులో కాలేజీ రోజుల్లో, ఎన్‌సీసీలో పట్టిన పాయింట్ 22 రైఫిల్. అదీ బోల్ట్ తుపాకే. బోల్ట్ కుడివైపు ఉంటుంది. వరసలో పడుకున్నవాళ్లంతా కుడి భుజానికి ఆనించుకుంటే నేనూ అలాగే ఆనించుకున్నాను. నలుగురిలో వేరుగా కనిపించడం ఇష్టం లేక, తుపాకీ అంటే కుడిచేతిదేననీ మనమే సర్దుకోవాలనీ నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పాతికేళ్ల తర్వాత డాలస్‌లో మొదటి రైఫిల్ కొన్నప్పుడూ బుర్రలో ఉన్నది అదే. ఎవరో వాడి అమ్మేసిన కుడిచేతి రైఫిల్, పైన స్కోప్‌తో సహా చవకగా దొరికింది. ఎడమచేతి రైఫిళ్లు ఆ షాపులో రెండే ఉన్నాయి, రెండూ దీనికన్నా ఖరీదు. ఇంకేం ఆలోచిస్తాం?

ఆలోచించలేదని కూడా అనను, పరీక్షించే కొన్నాను. కాకపోతే బెంచి మీద పరీక్షించాను. తుపాకీ బరువంతా ఇసుక సంచి మీద ఆనినప్పుడు ఎడమచేతివాడు కుడిచేతి రైఫిల్‌ని హాయిగా వాడగలడు. ఎడమచెయ్యి ట్రిగ్గర్ దగ్గర కదలకుండా ఉంటుంది, ఖాళీగా ఉన్న కుడిచెయ్యి బోల్ట్ లాగి తోస్తుంది. ఆ సుఖం కుడిచేతివాడికి కూడా లేదు. నూరు గజాల దూరంలో కాగితం మీద చిల్లులు దగ్గరదగ్గరగా పడుతుంటే, ఎడమచేతి రైఫిల్‌కి ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లంతా అమాయకులనిపించింది.

వేటలో బెంచి ఉండదు. టెక్సస్‌కి జింకల రాజధానిగా పేరు చెప్పుకునే లానో కౌంటీలో, తెలిసినాయన పొలంలో, సాయంత్రం పూట ఒక అడవిపంది బయటికొచ్చింది. నేను నిలబడి, చెట్టుకొమ్మకు ముంజేయి ఆనించి కాల్చాను. గుండు కాస్త వెనక్కి తగిలింది. రెండోది వెంటనే పడాలి. ఇప్పుడు కుడిచెయ్యి తుపాకీ బరువు మోస్తోంది కాబట్టి బోల్ట్ లాగాల్సింది ఎడమచెయ్యే. అది ట్రిగ్గర్ వదిలి స్కోప్ మీదుగా అవతలికి వెళ్లాలి. వెళ్లింది, మణికట్టు స్కోపుకు కొట్టుకుంది. పిడి పైకెత్తి వెనక్కి లాగేసరికి స్టాక్ భుజం మీంచి జారింది. మళ్లీ ఆనించుకుని స్కోప్‌లోంచి చూస్తే గడ్డి తప్ప ఏమీ లేదు. పంది సీడార్ పొదల్లోకి పోయింది. చీకటి పడేదాకా వెతికాం, టార్చిలైట్లతోనూ వెతికాం, దొరకలేదు. గాయపడ్డ జంతువుని అలా వదిలేసి ఇంటికొచ్చినవాడికి ఆ రాత్రి అన్నం సహించదు.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. ఎడమ భుజానికి ఆనించినప్పుడు మొహం స్టాక్‌కి కుడివైపున ఉంటుంది. కుడిచేతి రైఫిల్లో ఖాళీ తొడుగు బయటికొచ్చే కిటికీ కూడా అటే. ఎప్పుడైనా తూటా అడుగున ప్రైమర్ చిట్లితే, ఆ కిటికీలోంచి తన్నుకొచ్చే వేడి గ్యాసుకు మన చెంపా కన్నూ దగ్గరపడతాయి. అలా జరగడం అరుదే. రక్షణ కళ్లద్దాలు లేకుండా కాల్చడం ఎవరికైనా తప్పే. అయినా సర్దుకుపోతే ఏం పోయిందిలే అనుకునేవాళ్లు దీన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

ఎడమచేతివాళ్ల కోసం బోల్ట్ రైఫిల్‌ని ఫ్యాక్టరీలో తయారుచేసి అమ్మడం 1959లో సావేజ్ మోడల్ 110తో మొదలైంది. దాని కుడిచేతి రకం అంతకు ఏడాది ముందే వచ్చింది. ఇప్పుడు సావేజ్, రూగర్, టిక్కా, బ్రౌనింగ్ అన్నీ ఎడమచేతి రకాలు చేస్తున్నాయి. కుడిచేతివాళ్లకు పాతిక రకాలుంటే మనకు ఐదారు దొరుకుతాయి. తూటా రకాల్లోనూ అంతే. 6.5 క్రీడ్‌మూర్, .308, .30-06 లాంటి బాగా అమ్ముడుపోయేవే ఎక్కువ.

పంది సంగతి తర్వాత నేను కొన్నది వాటిలో చవక రకం, నాలుగైదు వందల డాలర్లలో వచ్చేది. పేరెందుకు, అన్ని కంపెనీల్లోనూ అలాంటిది ఒకటుంటుంది. బోల్ట్ చేతికింద ఉండడం ఎంత సుఖమో మొదటిరోజే తెలిసింది. కానీ గుళ్లు ఒకచోట పడేవి కావు. ఒకరోజు పైకి, ఇంకోరోజు పక్కకి. ప్లాస్టిక్ స్టాక్ ముందుభాగాన్ని బొటనవేలితో నొక్కితే వంగి బ్యారెల్‌కి తగులుతోంది. దొరికింది దొంగ అనుకున్నాను. చవక తుపాకీ చవక తుపాకీయే, ఎడమచేతివాళ్లకు సరైనది కావాలంటే చేయించుకోవాల్సిందేనని తీర్మానించేశాను.

దొంగ అది కాదు. చాలాకాలం తర్వాత దాన్ని ఒక స్నేహితుడికి ఇచ్చేస్తే, అతను స్కోప్ విప్పి చూసి ఫోన్ చేశాడు. “అన్నా, స్కోప్ కింది బేస్ స్క్రూలు చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి. దీన్ని ఇలాగే కాల్చావా?” ఇలాగే కాల్చాను. బిగించింది నేనే, టార్క్ రెంచి లేకుండా, అందాజాగా. స్క్రూలు బిగించి, స్టాక్ ముందుభాగాన్ని లోపల కాస్త అరగదీస్తే అదే తుపాకీ, అవే తూటాలతో నూరు గజాల మీద అంగుళంన్నరలో గుళ్లు పెట్టింది. రోగం ఒకటైతే నేను కొన్న మందు ఇంకొకటి. ఆ మందు ఖరీదు ఆరువేల డాలర్ల పైచిలుకు.

కస్టమ్ రైఫిల్ చేయించుకోవడం పెళ్లికి నగలు చేయించడం లాంటిది. ఒక్కోటీ విడిగా ఎంచుకోమంటారు, ఒక్కోదానికీ ‘ఇంకాస్త పెడితే’ అని ఒకటుంటుంది. యాక్షన్ ఒకచోటిది, బ్యారెల్ ఇంకోచోటిది, స్టాక్ మరోచోటిది, ట్రిగ్గర్ వేరే. సగం డబ్బు ముందే కట్టాను. ఏడాది దాటినా రాలేదు. ఆలస్యానికి కారణం స్టాక్. వాళ్లు తెప్పించినది కుడిచేతి యాక్షన్‌కి తొలిచి ఉంది. బోల్ట్ పిడికి గాడి అటువైపు, కిటికీ అటువైపు. వెనక్కి పంపి మళ్లీ వరసలో నిలబడాల్సి వచ్చింది.

రైఫిల్లో నిజంగా ఎడమచేతిది ఎంత ఉంటుందో అప్పుడు కూర్చుని చూసుకున్నాను. బోల్ట్, అది తిరిగే రిసీవర్, వాటికి తగినట్టు తొలిచిన స్టాక్, రకాన్ని బట్టి సేఫ్టీ మీట. అంతే. బ్యారెల్‌కి కుడీ ఎడమా లేదు. మ్యాగజైన్‌కి లేదు, స్కోప్‌కి లేదు, తూటాకి అసలే లేదు. నేను పెట్టిన ఆరువేలల్లో సగానికి పైగా నా ఎడమచేతితో సంబంధం లేనివాటికి పోయింది. నా వాటానికి కావాల్సిందల్లా ఆ నాలుగైదు వందల తుపాకీలోనే ఉంది.

తూటా ఎంపికలోనూ పంతానికి పోయాను. అందరి దగ్గరా ఉండేది వద్దని .280 అక్లీ ఇంప్రూవ్డ్ పెట్టించాను. తూటా చాలా మంచిదే. పెద్ద షాపుకి వెళ్లినా ఒకటో రెండో పెట్టెలు కనబడతాయి, ఒక్కో తూటా మూడు డాలర్ల దాకా పడుతుంది. ఇంట్లో తూటాలు తయారుచేసుకునే ఓపిక ఉన్నవాళ్లకు పర్వాలేదు, నాకు లేదు. దాంతో రేంజికి వెళ్లడం తగ్గించేశాను. బీరువాలో ఉన్నది అరంగుళంలో గుళ్లు పెట్టే రైఫిల్, దాన్ని పట్టుకునేవాడికి సాధన లేదు. తర్వాతి సీజన్లో ఒక జింక కదలకుండా నిలబడి ఉంటే గురితప్పాను. తుపాకీ మీద నెపం పెట్టడానికి ఈసారి వీలు లేకపోయింది.

లెక్క ముందే వేసుకోవాల్సింది. టెక్సస్ కొండప్రాంతంలో మాటు దగ్గర నుంచి కాల్చే జింకలు ఎక్కువగా నూట యాభై గజాల లోపే ఉంటాయి. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. నూరు గజాలకు అంగుళంన్నరలో పెట్టే తుపాకీ నూట యాభైకి రెండుంపావు అంగుళాల్లో పెడుతుంది. అరంగుళం తుపాకీ అయితే ముప్పావులో పెడుతుంది. ఆ తేడా కాగితం మీద కనబడుతుంది, జింక మీద కనబడదు. కాల్చేవాడి చెయ్యి వణికితే వచ్చే తేడా మాత్రం ఎనిమిది అంగుళాలనూ దాటిపోతుంది.

కస్టమ్ రైఫిల్‌ని అమ్మబోతే ఇంకో పాఠం. ఫ్యాక్టరీలో తయారైన ఎడమచేతి రైఫిల్‌కి కొనేవాడు త్వరగానే దొరుకుతాడు, కొత్తవి అంతంత మాత్రంగా దొరుకుతాయి కాబట్టి. కస్టమ్ అలా కాదు. అది నా చేతి పొడవుకీ నా అభిరుచికీ, దొరకని తూటాకీ చేసింది. వాటన్నిటికీ సరిపడే ఇంకో ఎడమచేతివాడు రావాలి. వచ్చినాయన సగం ధరకి అడిగాడు, ఇచ్చేశాను.

ఇప్పుడు వాడుతున్నది టిక్కా టీ3ఎక్స్, ఎడమచేతిది, 6.5 క్రీడ్‌మూర్. వెయ్యి డాలర్ల లోపు. దాంతో సమానంగా స్కోప్‌కి పెట్టాను. మిగతాదంతా తూటాలకి.

కొనబోయేవాళ్లు షాపులో చెయ్యాల్సినవి ఇవి. రెండు కళ్లూ తెరిచి, రెండు చేతుల మధ్య చిన్న సందు చేసి దూరంగా ఒక గుర్తుని చూడండి. ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను మూస్తే గుర్తు తప్పిపోతుందో అది మీ బలమైన కన్ను. పుర్రచేతివాళ్లలో కుడికన్ను బలంగా ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. మీరు వాళ్లలో ఒకరైతే, ఏ భుజం అన్నది ముందు ఒక శిక్షకుడి దగ్గర తేల్చుకున్నాకే డబ్బు బయటికి తీయండి. తర్వాత షాపతన్ని అడిగి, తుపాకీ ఖాళీగా ఉందని ఇద్దరూ చూసుకుని, అతను చూపించిన వైపుకే గురిపెట్టి, నిలబడి భుజానికి ఆనించండి. కళ్లు మూసుకుని ఆనించి, తర్వాత తెరవండి. తల కదపకుండా స్కోప్‌లో బొమ్మ నిండుగా కనిపించాలి. అలాగే ఉండి, స్టాక్ భుజం మీంచి జారకుండా బోల్ట్ లాగి తోయగలగాలి. సేఫ్టీ బొటనవేలికి అందాలి. సావేజ్, రూగర్ అమెరికన్ లాంటివాటిలో అది వెనక మధ్యలో ఉంటుంది కాబట్టి ఏ చేతికైనా ఒకటే. బెంచి మీద మాత్రం పరీక్షించకండి, అక్కడ అన్ని తుపాకీలూ మంచివే.

కస్టమ్ ఎవరికీ వద్దని అనను. దూరపు గురి పోటీలకు వెళ్లేవాళ్లకీ, చేతుల పొడవు మరీ తేడాగా ఉన్నవాళ్లకీ, చేతికో భుజానికో దెబ్బ తగిలి మామూలు స్టాక్ ఆననివాళ్లకీ అది అవసరమే. ఫ్యాక్టరీ రైఫిల్ ఏం చెయ్యలేకపోతోందో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే చేయించుకోండి. చెప్పలేకపోతే ముందు స్క్రూలు చూసుకోండి, తర్వాత ఒక సీజనంతా సాధన చెయ్యండి. ఎడమచేతి బోల్ట్ మీద పెట్టే డబ్బు దండగ కాదు, అక్కడ పిసినారితనం వద్దు. దాన్ని మించి పెట్టాలనుకున్న ప్రతి డాలరూ తూటాలకి పెట్టండి.