ఉదయసముద్రం ఒడ్డున తుంగ

నల్లగొండ నుంచి పానగల్లు ఎంతో దూరం లేదు. ఛాయా సోమేశ్వరుడి గుడి చూసి ఉదయసముద్రం కట్ట ఎక్కేసరికి గాలి లేచింది. పేరులోనే సముద్రం ఉంది మరి, అలలూ వచ్చాయి. కందూరు చోడుల నాటి చెరువు ఇది. ఇప్పుడు పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు చేరే 1.5 టీఎంసీల రిజర్వాయర్.

మట్టికట్టకు నీటివైపు రాయి, బయటి వాలుకు గరిక. ఇంజినీర్ల పాత లెక్క ఇది. కానీ మా కళ్లు నీళ్లు పలచబడ్డ మూలన ఉన్న తుంగ మీద పడ్డాయి. లోపల్నుంచి ఎగిరొచ్చిన అల తుంగలో దూరాక ఒడ్డుకు చేరేసరికి ఒట్టి తడి మాత్రమే. పక్కనే బర్రెలు మేపుతున్న పెద్దాయన చూసి నవ్వాడు.

"తుంగున్న కాడ అల సల్లబడ్తది సారూ. లేని కాడ మట్టిని కోసుకపోతది."

అసలు సముద్రంలో ఈ పని సముద్రగడ్డి చేస్తుంది. నాచు కాదది, వేళ్లు, పూలు, గింజలు ఉన్న మొక్క. ఆకులు అల ఊపు తగ్గిస్తాయి, వేళ్లు ఇసుకను పట్టి ఉంచుతాయి. కరీబియన్ దీవి సెయింట్ మార్టిన్‌లో పరిశోధకులు సముద్రపు నేల మీదే ఒక పరికరాన్ని దించి నీళ్లు పరుగెత్తించి చూశారు. గడ్డి ఉన్నచోట ఇసుక అంత తేలిగ్గా కదల్లేదు. ఆ ఫలితాలు 2019లో అచ్చయ్యాయి.

మరి సముద్రం కోసుకుపోతున్న ఉప్పాడ తీరంలో దాన్ని నాటితే? అక్కడ ఇసుక నింపిన గొట్టాలు పేర్చారు, బండలు పోశారు, అయినా కోత ఆగలేదు. అయితే సముద్రగడ్డికి ఎండ సోకే తేట నీళ్లు కావాలి. గోదావరి ఒండ్రు కలిసే ఎదురు కెరటాల్లో అది నిలవడం కష్టం. పులికాట్‌లాంటి లోతు తక్కువ ఉప్పునీటి సరస్సులో పెరుగుతుంది. కోరంగి బురదలోనైతే ఆ కాపలా మడచెట్లది.

మర్నాడు పాలమూరు మీదుగా వనపర్తి వైపు సరళాసాగర్ జలాశయానికి వెళ్లాం. 1949లో శంకుస్థాపన, 1959లో ప్రారంభం. నీటిమట్టం పెరిగితే తమంతట తామే పారే సైఫన్లు దాని ప్రత్యేకత. 2019 డిసెంబర్ 31న కట్టకు గండి పడింది, తర్వాత మళ్లీ కట్టారు. గండికి గడ్డి మందు కాదు. గడ్డి అడ్డుకోగలిగేది ఒడ్డును రోజూ కొద్దికొద్దిగా కొరికే అలనే.

చెరువు కట్టలను మినీ ట్యాంక్‌బండ్‌లుగా మార్చే పనుల్లో ఒడ్డు శుభ్రం చేసేవాళ్లకు ఒక్క మనవి: గాలి తగిలే మూలల్లో తుంగను నాలుగు గజాలైనా వదలండి.