చెరువులో పెళ్లిచూపులు

కొత్త బూట్లు కొన్నట్టున్నారే! నేనేం తొంగిచూడలేదు, గోడ మీంచి వాటంతట అవే కనిపించాయి. వాకింగ్ మొదలెట్టారన్నమాట. మంచిదే. కానీ కాలనీ పార్కులో తిరిగిన చోటే తిరిగితే ఏం తోస్తుంది చెప్పండి? బీహెచ్ఈఎల్ దాటితే అమీన్‌పూర్ పెద్ద చెరువుంది కదా, అటు వెళ్లండి. కట్ట మీద నింపాదిగా నడవచ్చు. మోకాళ్ల నొప్పులని వంక పెట్టకండి, నిన్న పానీపూరీ బండిదాకా ఎలా నడిచారో చూశాను.

ఆ చెరువు ఇప్పటిదా! ఇబ్రహీం కుతుబ్ షా నాటిదంటారు. అంటే 1550కీ 1580కీ మధ్య మాట. ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లే. అయినా పిట్టలు రావడం మానలేదు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు కూడా. ఆ కబురు చెబితే మా మరిది అడిగిందేమిటో తెలుసా? "అయితే అక్కడ గజం ఎంత పలుకుతోంది?" అని!

అక్కడ మనుషుల్ని చూసినా పొద్దుపోతుంది. ఒకాయన వెనక్కి నడుస్తాడు. మోకాళ్లకి మంచిదట. ఎదురొచ్చేవాళ్ల మోకాళ్ల సంగతి ఆయనకక్కర్లేదు. ఇంకో జంట ఉన్నారు. ఆయన బారెడు ముందు, ఆవిడ బారెడు వెనక. మాట్లాడుకోవాలంటే ఫోన్ చేసుకుంటారు.

ఏం చెబుతున్నాను? ఆఁ, బాతులు. చలికాలంలో సైబీరియా నుంచీ మధ్య ఆసియా నుంచీ దిగుతాయి చూడండి, సూదితోక బాతులు, చెంచామూతి బాతులు, అవి. దీపావళి ముందూ వెనకా వచ్చినప్పుడు చూస్తే ఏది ఆడదో ఏది మగదో ఓ పట్టాన తేలదు. వేసవిలో మగవాటి రంగు ఈకలన్నీ రాలిపోతాయి మరి. మట్టిరంగులో వెలవెలబోతూ వస్తారు పాపం. ఇక్కడ తిని, కునుకు తీసి, మెల్లగా కొత్త ఈకలు తొడుక్కుంటారు. సంక్రాంతికి చూడాలి ఆ దర్జా! సూదితోకవాడికి ముదురు గోధుమరంగు తల, మెడ పక్కన పైకి పాకిన తెల్ల చార, వెనక సన్నటి నల్ల తోక. చెంచామూతివాడికి ఆకుపచ్చ తల, తెల్ల రొమ్ము. వీడి ముస్తాబు ఇంకాస్త ఆలస్యం. మీ ఇంట్లో ఎవరైనా గుర్తొస్తే నాకు సంబంధం లేదు.

ఇంత సింగారం ఎందుకంటారా? పెళ్లిచూపులకి! గూడు పెట్టేది సైబీరియా, మధ్య ఆసియా వైపే అయినా, జత కుదిరేది ఎక్కువగా ఇలా చలికాలం గడిపే చోటే. ఒక్క ఆడ సూదితోక చుట్టూ నలుగురైదుగురు మగాళ్లు చేరి, మెడలు సాచి, సన్నగా ఈల వేస్తారు. ఆవిడ ఏమీ ఎరగనట్టు తల నీళ్లలో ముంచి, తోక పైకెత్తి, మేత చూసుకుంటుంది. చివరికి మాట మాత్రం ఆవిడదే.

అసలు సంగతి వినండి. తిరుగు ప్రయాణం పెళ్లికూతురి పుట్టింటివైపు. తను పుట్టిన చుట్టుపక్కలకే ఆవిడ వెళ్లాలని చూస్తుంది, ఆయనగారు వెంట పడి వెళ్తాడు. అందరూ ఇల్లరికపు అల్లుళ్లే! అయితే ఆవిడ గుడ్ల మీద కూర్చుందో లేదో, సూదితోక అల్లుడు మెల్లగా జారుకుంటాడు. పిల్లల పెంపకమంతా తల్లిదే. మళ్లీ చలికాలం వస్తే మళ్లీ చూపులు.

చెంచామూతులు మేసే తీరు కూడా చూడండి. గుంపుగా గుండ్రంగా తిరుగుతారు. ముందువాడు కెలికిన నీళ్లలోంచి వెనకవాడు ముక్కుతో వడకట్టుకు తింటాడు. అపార్ట్‌మెంట్ మీటింగులో కూడా ఇంత సఖ్యత చూడలేదు నేను.

పొద్దున్నే వెళ్లండి. ఎండ మీ వీపున పడేలా నిలబడాలి, లేకపోతే అన్నీ నల్లగానే కనిపిస్తాయి. ఫోన్లో పాటలు వద్దు. బ్రెడ్డు ముక్కలు అసలే విసరకండి. వాటికి బలం రాదు, నీళ్లు పాడు. అంత దూరం ఎగరాల్సినవాళ్లు సరైన తిండి తినాలి కదా.

ఉగాదికల్లా చాలామట్టుకు వెళ్లిపోతాయి, ఆలస్యం చేయకండి. అన్నట్టు, ఆదివారం మీ ఇంటి ముందు తెల్ల కారు ఆగిందే, మీ మేనల్లుడికేనా? అమ్మాయిది ఏ ఊరు? ఎవరితోనూ అననులెండి, చెప్పండి.