మొరం రోడ్డు, జమ్మి చెట్టు, మూడు సైకిళ్లు

పోయిన వారం మేము పెట్టిన గుట్టల ఫొటోలు చూసి చానా మంది అడిగిండ్రు: "ఇది దుబాయేనా? ఎట్ల పోవాలె? ఎంత ఖర్చయితది?" అని. ఒక అన్న అయితే "పని చేయనీకి పోయిండ్రా, సైకిలు తొక్కనీకి పోయిండ్రా?" అని రాసిండు. అందరికీ ఇక్కడే జవాబు చెప్తున్నం. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మేము ఒకే రూములో ఉండే ఐదుగురం. ఇద్దరిది జగిత్యాల దిక్కు, ఇద్దరిది నిర్మల్ దిక్కు, ఒకరిది కోనసీమ. షట్టరింగు, స్టీలు, మేస్త్రీ పనులు మావి. ఆదివారం సెలవు. మా ఐదుగురికీ కలిపి మూడు సైకిళ్లు ఉన్నాయి. మూడూ ముల్లె సదురుకుని ఇంటికి పోయేటోళ్ల దగ్గర కొన్నవే. మామూలు రోజుల్లో బకాలాకు పోయి పాలు, గుడ్లు తెచ్చుకోవడానికి పనికొస్తాయి. దుబాయ్‌లో గంటకు 60 కిలోమీటర్ల వేగం, ఆపైన ఉండే రోడ్ల మీద సైకిలు తొక్కనివ్వరు. హెల్మెట్ తప్పనిసరి. అందుకే తొక్కాలన్న సరదా ఉన్నోళ్లు అల్ ఖుద్రా ట్రాక్‌కు పోతరు. అక్కడ ఎడారిలో నున్నటి తారు బాట, 80 కిలోమీటర్ల పైనే ఉంటది. కానీ కడెం దగ్గర మొరం రోడ్ల మీద పెరిగిన మా నిర్మల్ తమ్ముళ్లకు అది ఆనలేదు. "తొక్కితే రాయి చప్పుడు రావాలె" అన్నరు.

రాయి చప్పుడు కావాలంటే హజర్ గుట్టలకే పోవాలి. ఎమిరేట్స్‌కు తూర్పు దిక్కున నిలబడ్డ ఈ వరుస ఒమన్ లోపలికి చానా దూరం పోతది. సైకిలు వాళ్లకు రెండు జాగలు బాగుంటాయి. ఒకటి హత్తా. అది దుబాయ్ ఎమిరేట్‌దే, కానీ ఊరికి 130 కిలోమీటర్ల దూరంలో గుట్టల నడుమ విడిగా ఉంటది. అక్కడ సైకిళ్ల కోసమే వేసిన బాటలు 50 కిలోమీటర్ల దాకా ఉన్నాయి. ఆకుపచ్చ గుర్తు తేలిక, నీలం దాని తర్వాత, ఎరుపు కష్టం, నలుపు జోలికి మేము పోలేదు. రెండోది రాస్ అల్ ఖైమా ఎమిరేట్‌లోని షౌకా. అక్కడ ఒక చిన్న డ్యాం, దాని చుట్టూ వాగు దారులు, గుట్ట దారులు. "వాదీ" అంటే మన వాగే. ఎండిన వాగులో గులకరాళ్ల మీద చక్రం జారుతుంటది. టైరులో గాలి కొంచెం తగ్గిస్తే పట్టు దొరుకుతది, మరీ తగ్గిస్తే ట్యూబు చిరుగుతది. గ్రావెల్ సైకిలు అని వేరే రకం అమ్ముతరు. వెడల్పు టైరు, కిందికి వంగిన హ్యాండిలు ఉంటాయి. దాని ధర మా నెల జీతం దాటి పోతది. మా పాత సైకిళ్లకు వెడల్పు టైర్లు వేయించుకున్నం, అంతే.

మాకు తెలిసిన ఒక కేరళ అన్న పికప్పులో సైకిళ్లు వేసుకుని వస్తడు. మేము ఇంకొకరి కారులో పోతం, పెట్రోలు పంచుకుంటం. ముగ్గురు తొక్కుతుంటే ఇద్దరు నీడకు కూర్చుని చట్నీ, రొట్టెలు కాపలా కాస్తరు. తర్వాత వంతు మారుతది.

"గుట్టలన్నరు, మరి అడవేది?" అని అడిగిండు ఒక తమ్ముడు. కవ్వాల్ లెక్క టేకు చెట్లు, వెదురు పొదలు ఉండవు. మొదటిసారి మా కోనసీమ తమ్ముడు "ఆయ్, రాళ్లు తప్ప ఏముందండీ ఇక్కడ" అన్నడు. కానీ వాగులోకి దిగి చూస్తే అన్నీ మన చుట్టాలే. సిద్ర్ అంటరు, మన రేగు జాతి. సమర్ అంటరు, మన తుమ్మ జాతి. జిల్లేడు ఉంది, గన్నేరు ఉంది. పోయే దారిలో ఇసుక మీద గాఫ్ చెట్లు కనబడతయి. గాఫ్ అంటే అచ్చంగా మన జమ్మి చెట్టే, పోలికలో కాదు, జాతే ఒకటి. మన తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి. ఈ దేశం 2008లో అదే చెట్టును జాతీయ వృక్షం చేసుకుంది.

మా రూములో పెద్దన్నకు 52 ఏండ్లు. గల్ఫ్‌కు వచ్చి 22 ఏండ్లాయె. ఇంటికాడ వదిన బీడీలు చేస్తది. ఈ 22 ఏండ్లల్ల ఆయన ఇంట్లో చేసుకున్న దసరాలు రెండే. ఆ రోజు దారిలో బండి ఆపినప్పుడు, చెట్టు కింద రాలిన ఆకు ఏరి, ఒక్కొక్కరి చేతుల పెట్టి "బంగారం తీసుకోండ్రి" అన్నడు. అది జనవరి నెల. ఎవరం నవ్వలేదు. ఆయన కాళ్లు మొక్కినం, మళ్లీ బండెక్కినం.

ఇంకొక మాట. ఈ గుట్టల్లో చానా చోట్ల క్రషర్లు కనబడతయి. ఈ దేశంలో రోడ్లకు, బిల్డింగులకు పోయే కంకర చానా వరకు ఈ తూర్పు గుట్టలదే. మేము ఇన్నేండ్లు పారతో ఎత్తింది, కాంక్రీటులో పోసింది ఈ రాయినే. హత్తా చుట్టుపక్కల నల్లరాయి అయితే ఒకప్పుడు సముద్రం అడుగున ఉండి, భూమి ఒత్తిడికి పైకి వచ్చిందట. ఆ రాయి పుట్టిన జాగలో ఒక్క పూట ఖాళీ చేతులతో నిలబడటం మాకు కొత్త.

ఇప్పుడు సైకిలు తొక్కనీకి పోయిండ్రా అన్న అన్నకు. మా రూములో కూడా ఈ లొల్లి అయింది. కింద పడి చెయ్యి విరిగితే? సైటు మీద దెబ్బ తగిలితే కంపెనీ బాధ్యత. సెలవు రోజు తగిలితే మామూలు సిక్ లీవే. ప్రొబేషన్ దాటినోళ్లకు ఏడాదికి 90 రోజులు. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం, మిగిలిన 45 రోజులకు ఏమీ రాదు. ఇంటికాడ చిట్టీ ఆగదు, వడ్డీ ఆగదు. అందుకే దిగుడు బాటల్లో సైకిలు దిగి నడిపిస్తం. తెలిసినోళ్లు చూస్తే నవ్వుతరు, నవ్వనీ. కానీ భయపడి ఏడో రోజు కూడా రూముల పండుకుంటే, ఇక్కడ గడిపిన ఏండ్లన్నీ బంకు బెడ్డు, బస్సు, సైటు, అంతే మిగులుతది. ఆరు రోజులు కంపెనీవి, ఇంటివి. ఏడోది మాది.

రావాలనుకునేటోళ్లకు నాలుగు మాటలు. నవంబరు నుంచి మార్చి దాకనే రండి. తెల్లారకముందే మొదలుపెట్టి పదికల్లా ముగించండి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, పంక్చర్ సామాను, ఎమిరేట్స్ ఐడీ దగ్గర ఉండాలె. ఒంటరిగా పోవద్దు. వాన సూచన ఉంటే అసలే పోవద్దు. 2024 ఏప్రిల్ 16 వాన మనమందరం చూసినం, ఇక్కడ లెక్కలు రాయడం మొదలైన 1949 నుంచి అంత వాన లేదు. ఎక్కడో పైన పడ్డ నీళ్లు వాగులోకి ఒక్కసారే వస్తయి. పారే వాగులోకి బండి దింపితే 2,000 దిర్హాములు, 23 బ్లాక్ పాయింట్లు, బండి 60 రోజులు జప్తు.

పెద్దన్న మార్చిలో పూర్తిగా ఇంటికి పోతుండు. మూడు సైకిళ్లలో ఒకటి ఆయనది. కొనడానికి ఇద్దరు వచ్చిండ్రు, ఇయ్యలేదు. రూముకే వదిలి పోతడట. ఆయన బెడ్డుకు కొత్తగా ఎవరు వస్తే వాళ్లకు.