సాయంత్రం ఆరున్నర తరువాత

ఇంగ్లండులో ఫ్యామిలీ డాక్టరు మామూలుగా ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఉంటారు. శని, ఆదివారాలు సెలవు. వారంలో 168 గంటలుంటే, డాక్టరు దొరికేది 53 గంటలు కూడా కాదన్నమాట. మిగతా వేళల్లో ఆయాసమొచ్చినా, బిడ్డకి జ్వరమొచ్చినా 111 అనే హెల్ప్‌లైనుకి ఫోన్ చేయాలి. 2004 నాటి కొత్త కాంట్రాక్టు డాక్టర్లకు ఈ రాత్రి బాధ్యతను వదులుకునే వీలు కల్పించింది. చాలామంది డాక్టర్లు సంతోషంగా వదులుకున్నారు. ఆ ఖాళీలోకి మెల్లగా వచ్చి చేరింది మా నర్సులు.

నా డ్యూటీ డెర్బీషైర్ కొండపల్లెల్లో. ఒక కారు, డ్రైవరు, మందుల సంచీ, ల్యాప్‌టాప్. దీనికోసం మళ్లీ యూనివర్సిటీ మెట్లెక్కాను. ఛాతీ వినడం, పొట్ట నొక్కి చూడటం, చెవిలోకి తొంగిచూడటం చేతికి త్వరగానే వచ్చాయి. మందులు రాసే అర్హతకు వేరే కోర్సుంది. అది పూర్తిచేసిన నర్సు, తనకు తెలిసిన జబ్బుల వరకు, దాదాపు ఏ మందైనా స్వయంగా రాయొచ్చని 2006 నుంచి ఇక్కడి చట్టం.

కష్టమల్లా వేరే చోట ఉంది. గుంటూరులో నర్సింగు చదివేటప్పుడు రౌండ్సులో కేస్ షీట్ పట్టుకుని డాక్టరుగారి వెనక ఒక అడుగు దూరంలో నడవడం నేర్చుకున్నాం. నాడి పడిపోతున్నా మా నోట వచ్చేది ఒకటే మాట: ‘సార్, ఒకసారి చూస్తారా?’ ఇక్కడ నాకు శిక్షణనిచ్చిన డాక్టరమ్మ ప్రతి రోగి తరువాతా అడిగేది: ‘ఏమనుకుంటున్నావు? అది కాకపోతే ఇంకేం కావొచ్చు? ఇంట్లోనే ఉంచితే తెల్లారేలోగా ఏం జరగొచ్చు?’ జవాబు నేను చెప్పేదాకా తను చెప్పేది కాదు.

ఫోన్లో వినడం కూడా ఒక చదువే. రోగి ఊపిరి తీసుకోకుండా వాక్యం పూర్తిచేయగలుగుతున్నాడా లేదా అని చెవిపెట్టాలి. ఇక్కడి ముసలి రైతులు గుండె పట్టుకుని కూడా ‘కాస్త నలతగా ఉంది’ అంటారు. మన తెలుగువాళ్లయితే 99 జ్వరానికే గంటగంటకీ కొలిచిన పట్టిక చదివి వినిపిస్తారు! రెండింటినీ సరిచేసుకుని వినాలి.

అన్నిటికన్నా బరువైనవి, ఇంట్లోనే కన్నుమూయాలని కోరుకున్నవాళ్ల రాత్రులు. నొప్పికి, ఆందోళనకి, వాంతికి, గొంతులో గురగురకి ఇంజెక్షన్లు ముందే తెచ్చి ఇంట్లో పెట్టి ఉంచుతారు. ఇంజెక్షన్ ఇవ్వడం ఎంతసేపు? శ్వాస ఇకపై ఎలా మారుతుందో కూతురికి ముందే విడమరిచి చెప్పాలి. అది చెప్పకపోతే ఆమె భయపడి అంబులెన్సును పిలుస్తుంది. కోరుకున్న మంచం వదిలి ఆ తండ్రి ఆస్పత్రి వరండాలో స్ట్రెచరు మీద పోతాడు.

మా అక్క కూతురు పల్నాడులో విలేజ్ క్లినిక్‌లో పనిచేస్తోంది. బీఎస్సీ నర్సింగు, ఆపైన సామాజిక ఆరోగ్యంలో శిక్షణ. పగలు ఈ-సంజీవనిలో డాక్టరు వీడియోలో దొరుకుతారు. రాత్రి ఊరివాళ్లు నేరుగా ఆమె అద్దె ఇంటి తలుపు తడతారు. 2005లో మొదలైన 108 మనకు గొప్ప అండే, కాదనను. కానీ అది రోగిని తీసుకెళ్లే బండి. ఇంట్లోనే ఉంచి కాచుకోవాల్సిన రోగికి అది ఏం చేస్తుంది?

‘పిన్నీ, నువ్వు రాసిన మందు వికటిస్తే ఎవరిని అడుగుతారు?’ అంది మొన్న ఫోన్లో.

‘నన్నే. కానీ రాసే హక్కు చట్టం ఇచ్చింది, అర్ధరాత్రయినా ఫోనెత్తే డాక్టరున్నారు.’

‘ఆ రెండూ ఇచ్చి అడగమను, నేనూ చేస్తాను,’ అంది. తలుపు తట్టారేమో, ఫోను పెట్టేసింది.