బొమ్మకు బొమ్మ

తెలుగులో 'బొమ్మ' అనే మాటకు రెండర్థాలున్నాయి. పిల్లలు ఆడుకొనేదీ బొమ్మే. కాగితం మీద గీసేదీ బొమ్మే. ఒక బొమ్మను చూసి గీసిన బొమ్మ నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది.

అది అమెరికాలో గీసిన నీటిరంగుల చిత్రం. 1929లో ఆ దేశంలో ఆర్థికమాంద్యం మొదలై లక్షలాది మంది ఉపాధి కోల్పోయారు. వారిలో చిత్రకారులూ ఉన్నారు. 1935లో ప్రభుత్వం వారికొక పని కల్పించింది. పూర్వులు వాడిన కుండలు, దుప్పట్లు, పెట్టెలు, ఆటబొమ్మలు మొదలైన వాటిని ఉన్నవి ఉన్నట్లు చిత్రించడమే ఆ పని. 1942 వరకు సాగిన ఈ కృషిలో తయారైన సుమారు 18,000 చిత్రాలు వాషింగ్టన్‌లోని జాతీయ చిత్రశాలలో భద్రంగా ఉన్నాయి.

వాటిలో ఒకదాని అచ్చుప్రతిని నేను ఒక పుస్తకంలో చూశాను. అందులో ఉన్నది పాత గుడ్డబొమ్మ. ముక్కు మీద రంగు పోయింది. ఏ పాపో ముద్దాడి ముద్దాడి అరగదీసి ఉంటుంది. గౌను అంచు వెలిసింది. భుజం దగ్గర కుట్టు విడింది. చిత్రకారుడు వీటిలో ఏదీ దాచలేదు. ముఖాన్ని ఎంత శ్రద్ధగా గీశాడో, విడిన కుట్టునూ అంత శ్రద్ధగా గీశాడు.

ఇది తేలికైన పని కాదు. ఈ పద్ధతిలో కాగితపు తెలుపునే వెలుగుగా వదిలిపెట్టాలి. పలుచని రంగును ఆరనిచ్చి, పొరమీద పొరగా వేయాలి. ముదురు రంగు ఒకసారి పడితే చెరపడం కష్టం. కనుక గీయడం కంటే చూడడానికే ఎక్కువ సమయం పడుతుంది.

ఆ చిత్రం చూడగానే మా అవ్వ మరపాచి బొమ్మలు జ్ఞాపకం వచ్చాయి. తమిళనాట స్థిరపడిన మా ఇంట్లో ప్రతి నవరాత్రికీ ఆ ఎర్రచందనపు జంటే కొలువులో పైమెట్టు మీద ఉండేది. ఒక ఏడు ఆడబొమ్మ చెయ్యి విరిగింది. పనికిరాదని నేనే దాన్ని పారవేశాను.

"చెయ్యి పోతే బొమ్మ కాకుండా పోతుందా నాయనా?" అంది అవ్వ. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

ఇన్నేళ్లకు ఆ బొమ్మను గీద్దామని కూర్చున్నాను. చీర కట్టు గుర్తుంది. కానీ విరిగినది కుడిచెయ్యో, ఎడమచెయ్యో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. ఏటా చూసిన బొమ్మే. ఒక్కనాడైనా నిదానించి చూడలేదు.

మీ ఇంట్లోనూ ఏ అటక మీదో ఒక పాత బొమ్మ ఉండవచ్చు. దాన్ని దించి, ఎదురుగా పెట్టుకొని గీయండి. పగులు ఉంటే పగులుతోనే గీయండి.