చచ్చిన చేతికి నొప్పేంది?

మాచర్ల వైపు కుర్రాడు. ఇరవై రెండేళ్లుంటాయి. బైకు మీద నుంచి పడ్డప్పుడు భుజం నేలకు కొట్టుకుని, మెడ రెండో పక్కకు విసురుగా వంగింది. ఎముక ఒక్కటీ విరగలేదు. కుడిచెయ్యి మాత్రం వేలాడిపోయింది. మెడ దగ్గర వెన్నుపాము నుంచి చేతికి దిగే నరాల వేర్లలో కొన్ని మొదలంటా ఊడిపోయాయి. బైకు ప్రమాదాల్లో కుర్రవాళ్లకు తగిలే దెబ్బల్లో ఇంత క్రూరమైనది నేను చూడలేదు.

అరచేతిలో గుండుసూదితో గుచ్చాను. తెలియలేదు. దూదితో రాశాను. అదీ తెలియలేదు. అయినా ఆ చేతికి తడి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. అది ఆరినప్పుడల్లా వాళ్లమ్మ సీసాలో నీళ్లు పోసి మళ్లీ తడుపుతోంది. "రాత్రంతా మండుద్ది సార్. మధ్యమధ్యలో వేళ్లలోకి షాకు కొట్టుద్ది" అన్నాడు. పక్కనున్న తండ్రి ఆగలేకపోయాడు. "చచ్చిన చేతికి నొప్పేంది సారూ? గుచ్చితే తెలవదంటాడు, మంటంటాడు. పనికి రమ్మంటారని నాటకాలు గాకపోతే!"

కుర్రాడు తల ఎత్తలేదు. నిద్ర లేక వాడి కళ్లు లోపలికి పోయాయి.

ఆ తడిగుడ్డ నాకు కొత్త కాదు. 1860లలో అమెరికా అంతర్యుద్ధంలో నరాలకు తూటా దెబ్బలు తగిలిన సైనికులకు వైద్యం చేసిన సైలస్ వెయిర్ మిచెల్ కూడా ఇదే చూశాడు. మంట తట్టుకోలేక చేతిని ఎప్పుడూ తడిగా ఉంచుకునేవాళ్లనీ, బూట్లలో నీళ్లు పోసుకునేవాళ్లనీ రాశాడు. పుస్తకం చదవని పల్లెటూరి కుర్రాడు అదే పని చేస్తుంటే నాటకమని ఎలా అనుకోను?

తండ్రి మిరప రైతు. ఆయనకు తెలిసిన చోటి నుంచే మొదలుపెట్టాను. "కాయ కోసిన రోజు రాత్రి కూలోళ్ల చేతులు మండుతాయి కదా, చర్మం కాలుద్దా? బొబ్బ లేస్తుందా?" లేదన్నాడు. "మరి ఆ మంట అబద్ధమా?" ఆయన మాట్లాడలేదు. సుమారు 43 డిగ్రీల వేడి తగిలినప్పుడు తెరుచుకునే తలుపు ఒకటి మన నరాల కొసల్లో ఉంది. మిరపలోని కాప్సైసిన్ వేడితో పని లేకుండానే ఆ తలుపు తీస్తుంది. 1997లో దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. ఏదీ కాలకపోయినా మెదడుకు కాలుతోందనే కబురు అందుతుంది. ఈ కుర్రాడి చేతి నుంచి కబుర్లు ఆగిపోవడంతో వెన్నుపాములో వాటిని అందుకునే కణాలు ఊరుకోలేక వాటంతటవే మోగుతున్నాయి. చెయ్యి చచ్చినా మంట బతికే ఉండడం అందుకే.

ఇలాంటి నొప్పికి డైక్లోఫెనాక్ సూదులు పెద్దగా పనిచేయవు. వాచిన కీలుకు పనికొచ్చే మందు అది. రోజూ వేయించుకుంటే కడుపుకూ కిడ్నీలకూ చేటు. గాబాపెంటిన్, ప్రిగాబలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి వాడాలి. అమిట్రిప్టిలిన్‌ను మొదట మానసిక కుంగుబాటుకు వాడారు, నరాల నొప్పికి అంతకంటే చాలా తక్కువ మోతాదు, రాత్రిపూట పది మిల్లీగ్రాములతో మొదలుపెడతాం. పనితనం కనబడడానికి వారాలు పడుతుంది. ఈలోగా ఎవరో "ఇది పిచ్చి మందు" అంటారు, మాత్రలు చెత్తబుట్టలో పడతాయి. ఇంటివాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి ముందే చెప్పకపోతే చీటీ రాసి లాభం లేదు. నొప్పి సగానికి తగ్గితే గెలిచినట్టేనని కూడా చెబుతాను. పూర్తిగా పోతుందని ఆశపెట్టను.

ఈ కుర్రాడి విషయంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది పోయిన కాలం. ఊడిన నరాలకు బదులు వేరే నరాన్ని మళ్లించి మోచెయ్యి వంగేలా చేసే ఆపరేషన్ ఉంది. ఆరు నెలల లోపు చేస్తే ఫలితం బాగుంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ కండ ఎండిపోతుంది. వీళ్లు నాటుకట్లు, నూనె మర్దనలతో ఏడాది దాటించి వచ్చారు. బైకు మీద నుంచి పడ్డాక చెయ్యి లేవకపోతే, ఎక్స్‌రే బాగుందన్నా సరే, నరాల డాక్టరు దగ్గరికి పోవాలి.

తండ్రి వెళ్తూ అడిగాడు: "రాత్రి మందేసుకుంటే పొద్దున చేలోకి రావచ్చా?" మత్తుగా ఉంటుంది, మొదటి వారం నిద్రపోనివ్వండి అన్నాను. సరేనన్నాడు.

గురజాల వైపు అమ్మాయిది వేరే కథ. డిస్కు ఆపరేషనైనా కాలి మంట పోలేదు. బయటికి బాగానే నడుస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. సంబంధాలు చూస్తున్నారని మాత్రలు పౌడర్ డబ్బాలో దాచుకుని మింగుతోంది. ఈ వయసులో నరాల నొప్పి ఉద్యోగాన్ని, పెళ్లిని, స్నేహాలను ఒకేసారి పట్టుకుంటుంది. చెబితే జబ్బు మనిషంటారు, చెప్పకపోతే బద్ధకమంటారు. పెళ్లికొడుక్కి చెప్పు తల్లీ అన్నాను. చెప్పలేనంది. నేను బలవంతపెట్టలేదు. పెళ్లి కుదిరాక అతన్నే వెంటబెట్టుకొచ్చింది. ప్రిగాబలిన్ వాడుతూ గర్భం దాల్చడం మంచిది కాదు, పిల్లల గురించి అనుకునే ముందే వస్తే మందు మారుద్దామని ఇద్దరికీ చెప్పాను. అతను మాత్రల పేర్లు ఫోన్‌లో రాసుకుని, రోజుకు ఎంతసేపు నడిపించమంటారని అడిగాడు.