ఎవరు చూశారన్నా పరమాణువుని?

వారమంతా మధురవాడ ఐటీ కొండ మీద కోడ్ రాయడం, ఆదివారం గాజువాకలో తొమ్మిదో తరగతి పిల్లలకి సైన్స్ చెప్పడం. రెండేళ్లుగా నా పని ఇదే.

పరమాణు నిర్మాణం పాఠం అంటే మా పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. 1897 థామ్సన్, ఎలక్ట్రాన్. 1911 రూథర్‌ఫర్డ్, కేంద్రకం. 1932 చాడ్విక్, న్యూట్రాన్. అన్నీ కరెక్టే. మొన్న ఓ అమ్మాయి మాత్రం చెయ్యెత్తింది. "ఎవరు చూశారన్నా? చూడకుండా లోపల ఇదుందని ఎలా చెప్పేశారు?"

స్కూల్లో ఇదే అడిగితే "సిలబస్ అవ్వదు, రాసుకో" అన్నారట. ఇంట్లోనూ "దీనికి సైన్స్ ఎక్కట్లేదు, టెన్త్ అయ్యాక సీఈసీలో వేసేద్దాం" అనుకుంటున్నారట. నాకైతే ఆ గదిలో సైన్స్ బాగా ఎక్కింది ఆ పిల్లకే అనిపించింది.

ఓ పెద్ద అట్టముక్క కింద ఒక వస్తువు దాచి, గోలీలు దొర్లించమన్నా. చాలా గోలీలు నేరుగా అవతలికి పోయాయి. ఎప్పుడో ఒకటి ఠక్కుమని వెనక్కొచ్చింది. పది నిమిషాల్లో వాళ్లే తేల్చేశారు: "మధ్యలో చిన్నది, గట్టిది ఏదో ఉందన్నా." 1909లో మాంచెస్టర్‌లో గైగర్, మార్స్‌డెన్ చేసిందీ దాదాపు ఇదే. గోలీల బదులు ఆల్ఫా కణాలు, అట్ట బదులు పల్చటి లోహపు రేకు. సుమారు ఎనిమిది వేలకి ఒక కణం వెనక్కి తిరిగొచ్చింది. అప్పటికి మార్స్‌డెన్ వయసు 20, ఇంకా డిగ్రీ విద్యార్థే! బంగారం పరమాణువుని మన పీఎం పాలెం క్రికెట్ స్టేడియం అంత పెద్దది చేస్తే, దాని కేంద్రకం శనగగింజంత ఉంటుంది.

"మరి మా నాన్న ప్లాంటులో అంత వేడికి కూడా అది పగలదా?" మళ్లీ ఆ అమ్మాయే. వాళ్ల నాన్న స్టీల్ ప్లాంటులో కాంట్రాక్ట్ పనికెళ్తాడు. పగలదు. బైలదిల్లా నుంచి వచ్చే ఖనిజంలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఆ ఆక్సిజన్‌ని లాక్కుపోతుంది. మారేదల్లా బయటి ఎలక్ట్రాన్ల సర్దుబాటే. లోపల 26 ప్రోటాన్లున్న కేంద్రకం చెక్కుచెదరదు.

"ఇవన్నీ ఫారిన్ వాళ్లవే కదన్నా" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. అప్పుడు స్వామి జ్ఞానానంద గురించి చెప్పా. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. సన్యాసం తీసుకుని హిమాలయాలకి వెళ్లాడు. తర్వాత యూరప్ వెళ్లి, అక్కడ భౌతికశాస్త్రం మీద మనసు పడి, ప్రేగ్‌లో ఎక్స్-కిరణాల మీద డాక్టరేట్ చేశాడు. న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ ఉన్న లివర్‌పూల్‌లో పరిశోధన చేశాడు. ఆఖరికి మన ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగానికి పునాది వేశాడు. అక్కడి ప్రయోగశాలలకి ఇప్పటికీ ఆయన పేరే. గాజువాక నుంచి సిటీ బస్సెక్కితే వెళ్లొచ్చేయొచ్చు. కాషాయం కట్టినా కొలతలు మానలేదాయన. పిల్లలు కాసేపు నోరు మెదపలేదు.

క్లాసయ్యాక వాళ్ల నాన్న సైకిలేసుకుని వచ్చాడు. "బాబాయ్, మీ పాపకి సైన్స్ రాకపోవడం కాదు, వచ్చింది కాబట్టే అడుగుతోంది. ఎంపీసీ గురించి ఒకసారి ఆలోచించండి" అన్నా. ఆయన కూతురి వంక చూసి, "ఫీజులవీ సూసుకోవాలి కదా బాబూ... సూద్దాం" అన్నాడు.

ఆ మాటలో కాదనడం లేదు. టెన్త్ అయ్యేసరికి ఇంకా ఏడాది పైనే ఉంది. ఈలోగా పిల్లలందర్నీ ఓసారి యూనివర్సిటీకి తీసుకెళ్లాలి. పుస్తకంలో పేర్లు ఎవరైనా బట్టీ పట్టొచ్చు. "ఎలా తెలిసింది?" అని అడిగే పిల్ల దొరకడమే కష్టం. దొరికినప్పుడు పోగొట్టుకోకూడదు.